ఒక్క స్విచ్‌కు ఎన్ని దీపాలు?

వరంగల్ ఎనుమాముల పరిసరాలలో కొత్తగా కట్టుకుంటున్న ఇళ్లలో హాలు పైకప్పుకు నాలుగో ఆరో దీపాలు అమర్చి, అన్నింటికీ ఒకే స్విచ్ పెట్టించుకునేవారు మాకు తరచు కనిపిస్తున్నారు. ఇందులో తప్పేమీ లేదు. అయితే ఆ పని ఎలా జరగాలో ఇంటి పెద్దలకు తెలిసి ఉండాలి. గోడకు ప్లాస్టరింగ్ అయ్యాక లోపలి వైరు కనిపించదు. అందులోని లోపం మాత్రం ఇంటిల్లిపాదినీ ప్రమాదంలో పడవేస్తుంది.

ఒకే స్విచ్ క్రింద ఉన్న దీపాలను సమాంతరంగా కలపాలి. అనగా, స్విచ్ నుండి వచ్చే ఫేజ్ వైరు ప్రతి దీపానికీ ఒక కొమ్మలా చేరాలి. న్యూట్రల్ వైరు స్విచ్‌తో నిమిత్తం లేకుండా ప్రతి దీపానికీ నేరుగా అందాలి. అప్పుడు అన్నింటికీ పూర్తి 230 వోల్టులు లభిస్తాయి. ఒకటి మాడిపోయినా తక్కినవి వెలుగుతాయి. అలాగాక, ఒక దీపం గుండా వెళ్లిన కరెంటే తరువాతి దీపానికి చేరేలా కలిపితే వోల్టేజి పంచుకోబడి వెలుగు తగ్గుతుంది. ఒకటి మాడితే అన్నీ ఆరిపోతాయి.

9 వాట్ల ఎల్‌ఇడి దీపాలు ఆరు కలిస్తే 54 వాట్లు. అది పావు ఆంపియరుకు మించదు. సాధారణ స్విచ్ 6 ఆంపియర్లు మోయగలదు. అయినా ఒక లైటింగ్ సర్క్యూట్‌పై దీపాలు, ఫ్యాన్లు, చిన్న ప్లగ్గులు కలిపి 10 పాయింట్లకు, 800 వాట్లకు మించరాదన్నది మన దేశంలో పాటిస్తూ వస్తున్న నియమం.

అసలు ప్రమాదం మరొకచోట ఉంది. స్విచ్ ఎల్లప్పుడూ ఫేజ్ వైరుపైనే ఉండాలి. పొరపాటున న్యూట్రల్‌పై పెట్టినా, స్విచ్ ఆపగానే దీపం ఆరుతుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. కాని హోల్డర్‌లో ఫేజ్ అలాగే నిలిచి ఉంటుంది. బల్బు మార్చడానికి స్టూలెక్కిన బిడ్డ చేయి దానికి తగిలితే ప్రాణాపాయమే! ఆపిన తరువాత కూడా ఎల్‌ఇడి మసకగా వెలుగుతుంటే అది ఈ లోపానికి సూచన కావచ్చు. అనుభవమున్న ఎలక్ట్రీషియన్ చేత ప్రతి పాయింటునూ పరీక్షింపజేయండి. బల్బు మార్చే ముందు మెయిన్ ఆపివేయండి.

ఇక పొదుపు విషయం. సహరీకి లేచిన తల్లికి రెండు దీపాలు చాలు. ఒకే స్విచ్ ఉంటే ఆరూ వెలగవలసిందే. అనవసరమైన నాలుగు దీపాలు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 5.4 యూనిట్లు వృథా. గృహజ్యోతి పథకం క్రింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. ఆ హద్దు దాటితే మొత్తం బిల్లు చెల్లించాలి. 197 యూనిట్ల వద్ద ఉన్న ఇంటికి ఈ దుబారా ఒక్కటే చాలు. బిల్లు సున్నా వచ్చినంత మాత్రాన దుబారా ధర్మసమ్మతం కూడా కాదు. కాబట్టి ఆరు దీపాలను రెండు, నాలుగుగా విడదీసి రెండు స్విచ్‌లకు ఇప్పించుకోవాలని మా సలహా. వైరింగ్ సమయంలోనే చెబితే అదనపు ఖర్చు స్వల్పం.

నిద్రించే ముందు దీపాలు ఆర్పివేయమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఉపదేశించారు. ఎలుక వత్తిని లాగి ఇంటికి నిప్పంటించవచ్చని హెచ్చరించారు. నేడు మన ఇళ్లలో వత్తి స్థానంలో వైరు వచ్చింది. జాగ్రత్త వహించవలసిన బాధ్యత మాత్రం అలాగే ఉంది. అల్లాహ్ మన ఇళ్లను, సంతానాన్ని సురక్షితంగా ఉంచుగాక! ఆమీన్.