పంటికి వెండి సిమెంటా? తెల్ల సిమెంటా?

ఈ మధ్య మన హాస్టల్లో ఒక మాట బాగా తిరుగుతోంది. "పంటికి పెట్టే వెండి సిమెంటులో పాదరసం ఉందట, అది విషమట, మెదడుకు ఎక్కుతుందట" అని. ఈ మాట విని కొందరు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లమని మొండికేశారు. ఎప్పుడో వెండి సిమెంటు పెట్టించుకున్న ఒక చెల్లి దాన్ని పిన్నీసుతో పెకలించబోయింది. అందుకని ఇందులో నిజమెంత, ఉత్త భయమెంత అన్నది ఈసారి గోడపత్రికలో రాస్తున్నాం. ఒక సంగతి ముందే చెప్పేస్తాం. పాదరసం ఉందన్న మాట నిజమే. కానీ పన్ను చూపించుకోవద్దు అనుకోవడం మాత్రం తప్పు.

పన్ను ఎందుకు పుచ్చుతుంది?

మనం తిన్న తీపి పళ్ల సందుల్లో ఇరుక్కుంటుంది. నోట్లో ఉండే బాక్టీరియా ఆ తీపిని తిని ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం పన్ను మీది గట్టి పొరను, అంటే ఎనామిల్‌ను, కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం ఈ ఎనామిలే. కానీ ఎముక విరిగితే అతుక్కుంటుంది, ఎనామిల్ పోతే మళ్లీ పెరగదు. అందుకే గుంత పడ్డాక డాక్టరు గారు పుచ్చిన భాగం తీసేసి, ఆ గుంతను దేనితోనైనా పూడ్చాలి. దాన్నే మనం సిమెంటు పెట్టడం అంటాం. డాక్టర్లు ఫిల్లింగ్ అంటారు.

వెండి సిమెంటులో ఏముంది?

పేరుకే వెండి. దాని బరువులో సుమారు సగం పాదరసమే. మిగతా సగం వెండి, తగరం, రాగి కలిసిన పొడి. పాదరసం మామూలుగా ద్రవంగా ఉండే లోహమని సైన్సు క్లాసులో చదువుకున్నాం కదా. ఆ పాదరసాన్ని ఈ పొడిలో కలిపితే మెత్తటి ముద్ద అవుతుంది. గుంతలో కూరి అదిమితే గట్టిపడిపోతుంది. దీని అసలు పేరు అమాల్గం.

ఇది కొత్తగా వచ్చింది కాదు. ఫ్రాన్సులో 1820ల్లోనే వాడారు. 1830ల్లో అమెరికా చేరింది. దీని మీద తగువు కూడా అంత పాతదే. 1840ల్లో అమెరికా దంతవైద్యుల సంఘం ఒకటి తన సభ్యుల చేత "అమాల్గం వాడము" అని ప్రమాణం చేయించింది. ఆ గొడవలోనే సంఘం చీలి, చివరికి 1856లో మూతపడింది. 1895లో జి.వి. బ్లాక్ అనే దంతవైద్యుడు పొడిలో ఏ లోహం ఎంత పాలు ఉండాలో సరిచేశాడు. అప్పట్నుంచి వందేళ్ల దాకా లోకమంతా ఎక్కువగా దీన్నే వాడింది. ఎందుకంటే ఇది చవక, నమలడానికి గట్టిగా ఉంటుంది, పెట్టేటప్పుడు కాస్త తడి ఉన్నా ఫర్వాలేదు, ఎక్కువ ఏళ్లు నిలుస్తుంది.

పాదరసం విషం కాదా?

విషమే. జపాన్ దేశంలో మినమాటా అనే ఊరు ఉంది. అక్కడి ఫ్యాక్టరీ ఒకటి పాదరసం కలిసిన నీళ్లను సముద్రంలోకి వదిలింది. ఆ పాదరసం చేపల్లో చేరింది. ఆ చేపలు తిన్న జనానికి చేతులు కాళ్లు వణికాయి, చూపు తగ్గింది, మాట తడబడింది. కడుపులో ఉన్న పిల్లలకు కూడా ఆ జబ్బు సోకింది. ఈ జబ్బును 1956లో గుర్తించారు. పాదరసం పేరు చెబితే లోకం భయపడడానికి ఇదొక పెద్ద కారణం.

కానీ మినమాటా చేపల్లో ఉన్నది మిథైల్ పాదరసం. అది తిండితో పాటు ఒంట్లోకి తేలిగ్గా ఎక్కుతుంది. పంటి సిమెంటులోది వేరు. అది వెండితో, తగరంతో కలిసి గట్టిపడిన పాదరసం.

కొందరు దీన్ని ఉప్పుతో పోలుస్తారు. సోడియం నీళ్లలో వేస్తే మండుతుంది, క్లోరిన్ విషవాయువు, రెండూ కలిస్తే మనం కూరలో వేసుకునే ఉప్పు అవుతుంది కదా, ఇదీ అంతే అంటారు. ఈ పోలిక సగమే సరైనది. ఉప్పులోంచి క్లోరిన్ వాయువు బయటికి రాదు. అమాల్గం నుంచి మాత్రం నమిలినప్పుడు, పళ్లు కొరికినప్పుడు పాదరసం ఆవిరి చాలా కొంచెంగా వస్తుంది. ఎంత కొంచెం అంటే, మైక్రోగ్రాముల్లో కొలుస్తారు. ఒక గ్రామును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం మైక్రోగ్రాము. నోట్లో చాలా సిమెంట్లు ఉన్నవారికి కూడా రోజుకు కొన్ని మైక్రోగ్రాములే వస్తుంది.

పిల్లల మీద చూశారా?

చూశారు. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో కాసా పియా అనే పాత విద్యాసంస్థ ఉంది. అనాథ పిల్లల కోసం 1780లో పెట్టారు. అక్కడ చదువుకునే 8 నుంచి 10 ఏళ్ల పిల్లలు 507 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు అమాల్గం, రెండో జట్టుకు తెల్ల సిమెంటు పెట్టారు. ఏడేళ్ల పాటు వాళ్ల జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, నరాల పని పరీక్షిస్తూ వచ్చారు. అమెరికాలో కూడా 6 నుంచి 10 ఏళ్ల పిల్లలు 534 మందిని ఐదేళ్లు చూశారు. రెండింటి ఫలితాలూ 2006లో వచ్చాయి. అమాల్గం పెట్టిన పిల్లల మూత్రంలో పాదరసం కాస్త ఎక్కువగా కనిపించింది. కానీ తెలివితేటల్లో, జ్ఞాపకంలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఇంకో విషయం కూడా బయటపడింది. లిస్బన్ పిల్లల్లో ఐదేళ్లు దాటాక తెల్ల సిమెంటు జట్టుకు మళ్లీ వైద్యం చేయాల్సిన అవసరం సుమారు 50 శాతం ఎక్కువగా వచ్చింది. అంటే తెల్లగా ఉన్నంత మాత్రాన అన్నింట్లోనూ మేలు అనుకోకూడదు.

తెల్ల సిమెంట్లు ముఖ్యంగా రెండు రకాలు

మొదటిది రెసిన్ సిమెంటు. దీన్ని కాంపోజిట్ అంటారు. ఒక రకం ప్లాస్టిక్ జిగురులో సన్నటి గాజు పొడి కలిపి చేస్తారు. గుంతలో పెట్టి నీలం లైటు వేస్తే గట్టిపడుతుంది. పంటి రంగులోనే ఉంటుంది, పంటికి బాగా అంటుకుంటుంది. కానీ పెట్టేటప్పుడు ఉమ్ము తగలకూడదు. టైము పడుతుంది, ఖర్చూ ఎక్కువే. కొన్ని రెసిన్ల నుంచి బి.పి.ఎ. అనే రసాయనం అతి కొద్దిగా వస్తుంది. ఎక్కువగా మొదటి రోజుల్లోనే వస్తుంది. ఆ కాస్తకు హాని కనబడలేదు.

రెండోది గ్లాస్ అయానోమర్ సిమెంటు. 1970ల మొదట్లో ఇంగ్లండులో కనిపెట్టారు. గాజు పొడిని ఒక ఆమ్ల ద్రవంతో కలిపి పెడతారు. దానంతటదే గట్టిపడుతుంది, పంటికి అంటుకుంటుంది, పళ్లకు బలమిచ్చే ఫ్లోరైడును కొద్దికొద్దిగా వదులుతుంది. అయితే బాగా నమిలే దవడ పళ్లలో, పెద్ద గుంతల్లో తొందరగా అరిగిపోతుంది.

ఈ రెండోదాని గురించి మనం ముఖ్యంగా తెలుసుకోవాలి. 1980ల్లో ఆఫ్రికాలోని టాంజానియా దేశంలో కరెంటు లేని పల్లెల కోసం ఒక పద్ధతి మొదలైంది. మిషను లేదు, గిర్రున తిరిగే డ్రిల్లు లేదు. చేతి పనిముట్లతోనే పుచ్చిన భాగం గీకి తీసేసి ఈ సిమెంటు నింపుతారు. చాలాసార్లు సూది కూడా అక్కర్లేదు. డ్రిల్లు చప్పుడుకు భయపడే తమ్ముళ్లూ, ఈ మాట గుర్తుపెట్టుకోండి! 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ గ్లాస్ అయానోమర్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

మరి దేశాలు వెండి సిమెంటును ఎందుకు మానేస్తున్నాయి?

ఇదే అందరికీ వచ్చే అనుమానం. హాని అంతగా లేకపోతే మానడం ఎందుకు? జవాబు ఏమిటంటే, మన నోటి కంటే ఎక్కువగా వాగుల కోసం, చేపల కోసం. దవాఖానాల్లో మిగిలిన అమాల్గం కాలువల్లోకి పోతుంది. చనిపోయినవారిని దహనం చేస్తే పంటిలోని పాదరసం గాలిలో కలుస్తుంది. అది తిరిగి నీళ్లలో చేరి మిథైల్ పాదరసంగా మారి చేపల్లోకి ఎక్కుతుంది. అందుకే 2013లో మినమాటా పేరుతోనే చాలా దేశాలు ఒక ఒప్పందం రాసుకున్నాయి. మన దేశం 2018లో దాన్ని ఆమోదించింది. డాక్టరు తప్పనిసరి అంటే తప్ప 15 ఏళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అమాల్గం పెట్టకూడదని 2022లో ఒప్పుకున్నారు. ఐరోపా యూనియన్ దేశాలు 2025 జనవరి నుంచి దాదాపు పూర్తిగా మానేశాయి. 2034 నాటికి లోకమంతా మానేయాలని 2025 నవంబరులో తీర్మానం జరిగింది.

మరి మనం ఏం చేయాలి?

1. మనలో ఎక్కువమందిమి 15 ఏళ్ల లోపువాళ్లమే. కనుక కొత్తగా పెట్టించుకునేటప్పుడు "సార్, తెల్ల సిమెంటు పెడతారా?" అని అడగండి. అడగడంలో తప్పు లేదు. ఏది పెట్టాలో పన్ను చూసి డాక్టరు గారు చెబుతారు.

2. ఇదివరకే వెండి సిమెంటు ఉంటే దాన్ని కదిలించకండి. బాగున్న సిమెంటును తీయించుకోవద్దని 2020లో అమెరికా మందుల సంస్థ కూడా చెప్పింది. తీసేటప్పుడే ఆవిరి ఎక్కువ వస్తుంది, మంచి పన్ను కూడా కొంత పోతుంది. ముక్క రాలినా, కింద మళ్లీ పుచ్చినా అప్పుడు డాక్టరుకు చూపించాలి. పిన్నీసు, పుల్ల, పెన్ను ములికి పెట్టి గెలకొద్దు.

3. ఏ సిమెంటూ లేని ఖాళీ గుంతే అన్నిటికంటే ప్రమాదం. అది లోపలికి దిగి నరాన్ని తాకుతుంది. రాత్రంతా పన్నుపోటు, ఆ తర్వాత చీము, దవడ వాపు, జ్వరం. అన్నం తినలేం, చదవలేం, పరీక్ష పోతుంది. చివరికి పన్నే పీకాలి.

4. లవంగం పెడితే నొప్పి కాసేపు తగ్గుతుంది, గుంత మాత్రం అలాగే ఉంటుంది. జిల్లేడు పాలు, పొగాకు అసలే పెట్టకండి. చిగుళ్లు కాలిపోతాయి.

5. సంత రోజు అమ్మానాన్నలు తెచ్చే జీళ్లు, స్కూల్లో ఇచ్చే చిక్కీ తినండి, ఎవరూ వద్దనరు. తిన్నాక నీళ్లు పోసుకుని గట్టిగా పుక్కిలించండి. పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి ఫ్లోరైడు ఉన్న పేస్టుతో తోముకోండి.

వార్డెన్ గారికి, మేట్రన్ అమ్మగారికి మనవి: పన్ను నొప్పి ఉన్న పిల్లల పేర్లు రాసుకోవడానికి ఆఫీసు గదిలో ఒక నోటుబుక్కు పెట్టించగలరు. ఆసుపత్రికి వెళ్లే రోజున ఆ పేర్లవాళ్లను కూడా తీసుకెళ్లగలరు. చిన్న తరగతుల పిల్లలు భయంతో నొప్పిని దాచుకుంటారు. వాళ్లను పక్క మంచాల అన్నయ్యలు, అక్కయ్యలు కనిపెట్టి, పేరు రాయించాలి.

— సైన్సు క్లబ్బు తరఫున, పదో తరగతి విద్యార్థిని