రాసిపెట్టిన ఆశువు

పియానో మీద కుడిచెయ్యి పరుగు తీస్తుంటుంది. ఎడమచెయ్యి ఆ పరుగుకి అడుగడుగునా అడ్డం పడుతుంటుంది. దెబ్బ పడాల్సిన చోట పడదు. అరక్షణం ముందో వెనకో పడి, వినేవాళ్లని కుర్చీలో కుదురుగా కూర్చోనివ్వదు. కళ్లు మూసుకుని వింటే, ఏ న్యూయార్క్ జాజ్ క్లబ్బులోనో అర్ధరాత్రి దాటాక, మంచి ఊపు మీదున్న వాద్యకారుడు అప్పటికప్పుడు అల్లుకుపోతున్నాడని ఎవరైనా పందెం కాస్తారు.

ఆ పందెం ఓడిపోతారు. అందులో అప్పటికప్పుడు పుట్టిన స్వరం ఒక్కటీ లేదు. ఏ స్వరాన్ని ఒత్తి పలకాలి, ఎక్కడ మెత్తబడాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి... అన్నీ 1984లో ఒక సోవియట్ స్వరకర్త కాగితం మీద పెట్టినవే. ఆ రచన పేరు ఎనిమిది కచేరీ ఎట్యూడ్లు, ఓపస్ (అంటే రచనా సంఖ్య) 40. ఆ స్వరకర్త నికొలాయ్ కపూస్తిన్.

ఆశువంటే మనకి ఉన్న గౌరవం ఇంతా అంతా కాదు. అవధాని పృచ్ఛకుల మధ్య కూర్చుని పద్యం పూరిస్తుంటే సభ చప్పట్లతో దద్దరిల్లుతుంది. అదే పద్యాన్ని ఇంట్లో కూర్చుని నాలుగు రోజులు చెక్కి తెచ్చానంటే ఆ చప్పట్లు సగమైపోతాయి. జాజ్ ప్రపంచంలోనూ ఇదే లెక్క. అక్కడ ఆశువే ప్రాణం. అది లేనిది జాజ్ కాదనే వాళ్లే ఎక్కువ. కపూస్తిన్ జీవితమంతా ఆ మాటకి ఎదురు నిలబడ్డారు. వాదించలేదు, వ్యాసాలు రాయలేదు. 161 రచనలు చేసి ఊరుకున్నారు.

ఆయన ఉక్రెయిన్‌లోని హోర్లివ్కాలో 1937 నవంబరు 22న పుట్టారు. దొన్‌బాస్ బొగ్గుగనుల ప్రాంతంలోని ఊరది. ఇటీవలి యుద్ధవార్తల్లో చాలాసార్లు వినబడింది కూడా. పిల్లవాడికి నాలుగేళ్లయినా నిండకముందే జర్మన్ సేనలు వచ్చిపడ్డాయి. తండ్రి యుద్ధానికి వెళ్లాడు. తల్లీ అమ్మమ్మా పిల్లల్ని తీసుకుని కిర్గిజ్‌స్తాన్‌లోని తొక్మక్‌కి తరలిపోయారు. తిరిగొచ్చాక పియానో పట్టుబడింది. 13 ఏళ్లకే ఒక సొనాటా రాశారు. 14 ఏళ్లకి మాస్కో చేరారు.

అక్కడ దొరికిన గురువుల గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. మొదట అవ్రెలియాన్ రుబాఖ్. ఈయన ఫెలిక్స్ బ్లుమెన్‌ఫెల్డ్ శిష్యుడు. ప్రసిద్ధ పియానిస్టు వ్లదిమీర్ హొరొవిట్జ్‌కి పాఠం చెప్పింది కూడా ఆ బ్లుమెన్‌ఫెల్డే. తర్వాత మాస్కో కన్సర్వేటరీలో అలెగ్జాండర్ గోల్డెన్‌వైజర్. 1875లో పుట్టిన ఈ పెద్దాయన స్వరకర్తలు రహ్మనినొవ్‌నీ స్క్రియాబిన్‌నీ దగ్గరగా ఎరిగినవాడు. తొల్‌స్తోయ్ ఇంటికి వెళ్లి పియానో వినిపించి, ఆయనతో చదరంగం ఆడి వచ్చినవాడు. విశాలాంధ్ర దుకాణాల్లో కొన్న రష్యన్ నవలలతో పెరిగిన తెలుగు పాఠకుడికి ఆ ఇల్లు కొత్తది కాదు. 'అన్నా కరెనినా' రాసిన మనిషి ఎదుట వాయించిన చేతులే, యాభై ఏళ్లు గడిచాక, జాజ్ పిచ్చి పట్టిన ఒక కుర్రవాడి వేళ్లు సరిదిద్దాయి. శాస్త్రీయ పియానోలో ఇంతకు మించిన పరంపర రష్యాలో దొరకదు.

జాజ్ మాత్రం దొడ్డిదారిన వచ్చింది. 1940ల చివర్లో స్టాలిన్ ప్రభుత్వం జాజ్‌ని శత్రువుల సంగీతంగా చూసింది. వాద్యకారుల దగ్గరున్న శాక్సోఫోన్లని 1949లో జప్తు చేసింది. శాక్సోఫోన్ల వంకర తీసిన కాలమని దానికి తర్వాత పేరొచ్చింది. 1953లో స్టాలిన్ పోయాక గాలి కొంచెం మారింది. వాయిస్ ఆఫ్ అమెరికా రాత్రిపూట ప్రసారం చేసే జాజ్‌ని షార్ట్‌వేవ్ గరగరల మధ్య చెవి ఒగ్గి వినే విద్యార్థుల్లో కపూస్తిన్ ఒకరయ్యారు. పగలు బాఖ్, షోపాన్. రాత్రి జాజ్ పియానిస్టులు ఆర్ట్ టేటమ్, ఆస్కర్ పీటర్సన్. రెండిట్లో ఒకదాన్ని వదులుకోవాలని ఆయనకి తోచినట్టు లేదు. ఆయన కథంతా అక్కడినుంచే మొదలైందని నా నమ్మకం.

1957 వేసవిలో మాస్కోలో ప్రపంచ యువజనోత్సవం జరిగింది. సుమారు 130 దేశాల నుంచి 34,000 మంది వచ్చారు. అప్పటిదాకా తలుపులు మూసుకున్న నగరంలో వీధివీధినా విదేశీ సంగీతం. ఆ ఉత్సవంలోనే యూరి సౌల్‌స్కీ జాజ్ బృందంతో కలిసి 19 ఏళ్ల కపూస్తిన్ పియానో ముందు కూర్చున్నారు. తన మొదటి ఓపస్, ఒక కాన్చెర్టినో (పియానోకీ వాద్యబృందానికీ కలిపి రాసే చిన్న కాన్చెర్టో), అక్కడే వినిపించారు. చిత్రంగా అదే ఏడు అమెరికాలో స్వరకర్త గుంతర్ షుల్లర్, జాజ్‌నీ శాస్త్రీయాన్నీ కలిపే సంగీతానికి 'మూడో పాయ' అని పేరు పెట్టారు. పేరు అక్కడ పుడుతుంటే పని ఇక్కడ మొదలైంది.

బ్యాండులో పదకొండేళ్లు

1961లో కన్సర్వేటరీ చదువు ముగిసింది. గోల్డెన్‌వైజర్ శిష్యుడంటే పోటీలు, బహుమతులు, సోలో కచేరీలు వరుసగా రావాలి. కపూస్తిన్ నేరుగా వెళ్లి ఒలెగ్ లుండ్‌స్ట్రెమ్ జాజ్ బృందంలో చేరారు. ఆ బృందానిదీ ఒక పెద్ద ప్రయాణమే. 1934లో చైనాలోని హార్బిన్‌లో స్థిరపడిన రష్యన్ కుటుంబాల కుర్రాళ్లు దాన్ని మొదలుపెట్టారు. షాంఘై నాట్యశాలల్లో వాయించి పేరు తెచ్చుకున్నారు. 1947లో సోవియట్ యూనియన్‌కి వచ్చి, మొదట కజాన్‌లోనూ తర్వాత మాస్కోలోనూ నిలదొక్కుకున్నారు.

బిగ్ బ్యాండులో ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సోఫోన్ల వరసలు కలిసి వాయించేది రాసిపెట్టినదే. మధ్యలో ఒక్కొక్కరు లేచి అల్లే భాగమే ఆశువు. కపూస్తిన్ ఆ రెండో భాగాన్ని కూడా మొదటి దానిలోకి లాగేశారు. తను వాయించాల్సిన సోలోని తనే ముందు రాసుకున్నారు. 1964లో వచ్చిన ఒక సోవియట్ సినిమాలో ఆయన ఈ బృందంతో కలిసి తన టొకాటా, ఓపస్ 8 వాయిస్తూ కనబడతారు. యూట్యూబ్‌లో ఇప్పటికీ దొరుకుతుంది. కళ్లద్దాలు పెట్టుకున్న బక్కపలచని యువకుడు, తొణకని మొహం, కింద మాత్రం వేళ్ల తుపాను.

1972 దాకా అక్కడ. ఆ తర్వాత బోరిస్ కరామిషెవ్ నడిపిన 'నీలి తెర' వాద్యబృందంలో ఐదేళ్లు. 1977 నుంచి 1984 దాకా సినిమా సంగీతం వాయించే ప్రభుత్వ సింఫనీ బృందంలో. మొత్తం మీద 20 ఏళ్లకి పైగా నెలజీతం మీద పనిచేసిన వాద్యకారుడి బతుకు. పైకి చూస్తే ఎదుగూ బొదుగూ లేని ఉద్యోగమే. నాకు మాత్రం ఆ ఏళ్లే ఆయన అసలు పాఠశాల అనిపిస్తుంది. బిగ్ బ్యాండు మధ్యలో రోజుకి కొన్ని గంటలు కూర్చున్న చెవికి ఏ వాయిద్యం ఎక్కడ లేస్తుందో, డ్రమ్ము ఎక్కడ తప్పుకుంటుందో తెలిసిపోతుంది. ఆయన ఒంటరి పియానో రచనల్లో కూడా ఒక బృందం మొత్తం వినబడటానికి కారణం అదే.

చిట్టస్వరంలాగా

ఉద్యోగం వదిలిన 1984 ఒక కట్ట తెగిన ఏడాది. మొదటి పియానో సొనాటా ఓపస్ 39, ఎట్యూడ్లు ఓపస్ 40, వేరియేషన్లు ఓపస్ 41, మూడూ ఆ ఏటివే. ఆ వేరియేషన్ల ఎత్తుగడ వినండి. స్ట్రవిన్‌స్కీ 'వసంతోత్సవం' మొదట్లో బసూన్ పలికే రాగచ్ఛాయ అక్కడ ఊగుతూ, తూగుతూ, జాజ్ నడకలో కనబడుతుంది. పారిస్‌లో 1913లో గొడవ లేపిన స్వరాలు ఇక్కడ సిగ్నల్ దగ్గర నిలబడి ఈల వేస్తున్నంత తేలిగ్గా వస్తాయి.

శాస్త్రీయంలో జాజ్ కలిపినవాళ్లు ఆయనకి ముందూ ఉన్నారు. గెర్ష్విన్ 1924లోనే 'రాప్సొడీ ఇన్ బ్లూ' రాశారు. రవేల్ తన జి మేజర్ కాన్చెర్టోలో ఆ రంగు అద్దారు. స్ట్రవిన్‌స్కీ 1945లో ఒక జాజ్ బృందం కోసమే 'ఎబొనీ కాన్చెర్టో' రాశారు. అయితే రవేల్ జాజ్‌ని పోపు వేసినట్టు వాడారు. కపూస్తిన్ దగ్గర పప్పే జాజ్. మాట, యాస, వ్యాకరణం అన్నీ జాజ్‌వి. ఆ మాటలతో కట్టిన ఇంటి దూలాలు మాత్రం బాఖ్‌వీ బీథోవెన్‌వీ. 1977 నాటి 'పాత పద్ధతి సూట్', ఓపస్ 28, చూడండి. అల్మాండ్, గవోట్, సరబాండ్, బుర్రే, జీగ్... అన్నీ బాఖ్ కాలపు నాట్యాలే. లోపల నడిచే స్వరసంగతులు మాత్రం ఇరవయ్యో శతాబ్దివి. షోపాన్ దారిలో అన్ని శ్రుతుల్లోనూ 24 ప్రెల్యూడ్లు, ఓపస్ 53. బాఖ్, షొస్తకోవిచ్ దారిలో 24 ప్రెల్యూడ్లూ ఫ్యూగులూ, ఓపస్ 82. మొత్తం 20 పియానో సొనాటాలు, 6 పియానో కాన్చెర్టోలు.

మన సంగీతం తెలిసినవాళ్లకి ఆయన చేసిన పని ఒక్క మాటలో చెప్పొచ్చు. కల్పనాస్వరాలు గాయకుడివి. ఆ రోజు, ఆ వేదిక మీద, ఆ మృదంగంతో పుట్టి పోతాయి. చిట్టస్వరం వాగ్గేయకారుడిది. విన్నప్పుడు కల్పనాస్వరంలాగే దూకుతుంది. కానీ ప్రతి గురువూ ప్రతి శిష్యుడికీ అదే నేర్పుతాడు. కపూస్తిన్ రాసినవి గంటల కొద్దీ సాగే చిట్టస్వరాలు. ఆయన్ని అడిగినప్పుడల్లా చెప్పింది కూడా దాదాపు ఇదే. తాను ఎప్పుడూ జాజ్ విద్వాంసుణ్ని కానన్నారు. ఆశువు మీద తనకి ఆసక్తి లేదన్నారు. తన ఆశువంతా రాసి ఉన్నదేనని, రాయడం వల్ల అది ఇంకా బాగుపడిందని చెప్పారు.

ఈ చివరి మాట దగ్గరే చాలామంది జాజ్ అభిమానులు ఆయనతో తెగతెంపులు చేసుకుంటారు. నేను ఆయన పక్షం. తిరుపతి వెంకట కవులు అవధానాల్లో చెప్పిన వేల పద్యాల్లో ఎక్కువభాగం ఆ సభలతోనే పోయాయి. బల్ల మీద రాసిన 'పాండవోద్యోగ విజయాలు' నాటకాలు మాత్రం ఊరూరా తెల్లవార్లూ ఆడాయి. రంగస్థలం మీద కృష్ణుడు పద్యం ఎత్తుకుంటే అప్పుడే ఆయన నోట పుట్టినట్టుండేది. ఆ పుట్టినట్టుండటం కోసం రాసేవాడు పడే శ్రమ ఆశుకవి శ్రమకి ఏమాత్రం తీసిపోదు.

వాయించేవాడి శ్రమ అయితే ఇంకో లెక్క. జాజ్ త్రయంలో పియానో పక్కన బాస్, డ్రమ్ము ఉంటాయి. కపూస్తిన్ సోలో రచనల్లో ఆ ఇద్దరి పనీ ఎడమచేతిదే. అది కింది స్వరాల్లో నడవాలి, మధ్యలో దరువు వెయ్యాలి, వెంటనే పైకి గెంతి కుడిచేతికి జవాబు చెప్పాలి. పైగా శాస్త్రీయ శిక్షణ పొందిన చెయ్యి నాలుగు మాత్రల్లో మొదటిదాన్నీ మూడోదాన్నీ బరువుగా పలుకుతుంది. జాజ్ నడక రెండూ నాలుగూ మీద ఒరుగుతుంది. ఏళ్ల తరబడి ఒంటికి పట్టిన బరువుని అటునుంచి ఇటు మార్చుకోకపోతే స్వరాలన్నీ సరిగ్గా పడినా సంగీతం కొయ్యబారిపోతుంది.

లోపాలు లేవని అనను. 161 ఓపస్‌లూ ఒకే ఎత్తున లేవు. కొన్ని సొనాటాల్లో స్వరాలు ఊపిరాడనంత ఒత్తుగా ఉంటాయి. నిశ్శబ్దానికి చోటు దొరకదు. అందుకే నాకు ఓపస్ 53లోని నెమ్మది ప్రెల్యూడ్ల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాలనిపిస్తుంది. వేళ్ల గారడీ పక్కన పెట్టి ఆయన మెల్లగా మాట్లాడేది అక్కడే.

ఆలస్యంగా వచ్చిన గుర్తింపు

1980లో చైకోవ్‌స్కీ హాలులో తన రెండో కాన్చెర్టోని తనే వాయించారు. ఆ తర్వాత కచేరీ వేదికని ఆయన పెద్దగా పట్టించుకోలేదు. స్టూడియోలో తన రచనల్ని వాయించి రికార్డులు చేశారు. వాయించడం కన్నా రాయడమే ఇష్టం. నికొలాయ్ పెత్రోవ్ లాంటి పేరున్న పియానిస్టు రెండో సొనాటాని భుజానికెత్తుకున్నా, దేశం బయట ఆయన పేరు తెలిసినవాళ్లు కొద్దిమందే.

2000లో స్కాట్లాండ్ పియానిస్టు స్టీవెన్ ఆస్బోర్న్ హైపీరియన్ రికార్డుల సంస్థకి ఆయన సొనాటాలు, కొన్ని ప్రెల్యూడ్లు రికార్డు చేశారు. 2004లో కెనడా విద్వాంసుడు మార్క్-ఆంద్రె హామెలిన్ మరో డిస్కు తెచ్చారు. వేళ్లతో ఏదైనా సాధించగలడని పేరున్న హామెలిన్ చేపట్టాడంటే మిగతా పియానిస్టులకి అది పందెంలాంటిదే. స్వరలిపి ప్రతులు వెతుక్కోవడం, ఒకరి నుంచి ఒకరు తెచ్చుకోవడం మొదలైంది. జపాన్‌లో మసహిరో కవకామి, కొరియా నుంచి సన్ యోల్ ఉమ్ లాంటివాళ్లు అందుకున్నారు. పియానిస్టు యూజా వాంగ్ ప్రధాన కచేరీ ముగించాక, చప్పట్లు ఆగనప్పుడు, ఎట్యూడ్ల వరసలోని మూడోదాన్ని చిచ్చుబుడ్డిలా వెలిగించేది. బీథోవెన్ తొమ్మిదో సింఫనీని అచ్చువేసిన షాట్ సంస్థే చివరికి ఈయన స్వరలిపినీ అచ్చువేసింది. అప్పటికి ఆయనకి 70 దాటాయి.

2020 జూలై 2న, 82 ఏళ్ల వయసులో, మాస్కోలో కన్నుమూశారు. కరోనా వల్ల ప్రపంచంలోని కచేరీ హాళ్లు చాలావరకు తాళాలు వేసుకుని ఉన్న వేసవి అది. 

ఆ తర్వాత కొద్దికాలానికే జర్మనీకి చెందిన యువ పియానిస్టు ఫ్రాంక్ డుప్రే ఆయన కాన్చెర్టోలని ఒక్కొక్కటిగా రికార్డు చేయడం మొదలుపెట్టాడు. డుప్రే చిన్నప్పటి నుంచి డ్రమ్స్ కూడా నేర్చుకున్నవాడు. సోలో పియానో కోసం రాసిన కపూస్తిన్ రచనలకి అతను పక్కన ఒక బాస్‌నీ ఒక డ్రమ్మునీ కూర్చోబెట్టి ఒక డిస్కు చేశాడు. ఆ చేర్పుని కపూస్తిన్ ఒప్పుకునేవారా అని అడగొచ్చు. ఆ డిస్కు వింటుంటే మాత్రం, అన్నాళ్లూ ఎడమచేతి కింద దాక్కున్న లుండ్‌స్ట్రెమ్ బృందం వాళ్లు ఇద్దరు లేచి వచ్చి తమ కుర్చీల్లో కూర్చున్నట్టుంటుంది.