కలగడం, కలచడం: అలజడిని చెప్పే ఇంగ్లీషు మాటలు, జవళగేర తెలుగు

రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలోని జవళగేర తుంగభద్ర ఎడమ కాలువ ప్రాంతపు ఊరు. 1953లో ఆనకట్ట పూర్తయి కాలువకు నీరు వచ్చిన తర్వాత కోస్తా జిల్లాల రైతులు ఈ తాలూకాలోనూ చుట్టుపక్కల తాలూకాలలోనూ భూములు కొని వరి సాగు మొదలుపెట్టారు. వారు కట్టుకున్న పల్లెలకు 'క్యాంపు' అనే పేరు నిలిచిపోయింది. 1956 నవంబరు 1 వరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది కాబట్టి ఉర్దూ మాటలు అంతకు ముందే ఇక్కడి వాడుకలో కలిశాయి. క్యాంపు ఇళ్ళలో తెలుగు, బజారులో కన్నడం, పాఠ్యపుస్తకంలోనూ పై కార్యాలయాలకు పంపే అర్జీలోనూ ఇంగ్లీషు. ఇలాంటి చోట డిస్టర్బ్, ట్రబుల్, కన్‌ఫ్యూజ్, డిస్రప్ట్ వంటి ఇంగ్లీషు మాటలకు సరైన తెలుగు మాట వెతకడం అనుకున్నంత సులభం కాదు. మన మాటలకు పక్కింటివారు వేరే అర్థం చెప్పుకోవడం అందుకు ఒక కారణం. రెండో కారణం మన క్రియల స్వభావంలోనే ఉంది.

మొదటి దానికి 'తొందర' మంచి ఉదాహరణ. తెలుగువారికి తొందర అంటే త్వర. కన్నడంలో 'తొందరె' అంటే ఇబ్బంది, బాధ. తమిళంలో 'తొందరవు' అన్నా ఇబ్బందే. కోస్తా రైతు "తొందర లేదండి" అంటే ఆలస్యమైనా ఫరవాలేదని అతని భావం. కన్నడ దుకాణదారుకు వినిపించేది 'ఇబ్బందేమీ లేదు' అని. ఇద్దరూ సంతోషంగానే విడిపోతారు, కారణాలు మాత్రం వేరు. "తొందరగా ఉంది" అన్నప్పుడే చిక్కు: చెప్పినవాడు బస్సు గురించి ఆలోచిస్తుంటాడు, విన్నవాడు ఏమి ఆపద వచ్చిందోనని చూస్తాడు.

ఇంతకంటె వింత ఏమిటంటే, తెలుగులో కల్లోలాన్ని చెప్పే 'గడబిడ' కన్నడంలో 'గడిబిడి'గా త్వరను చెబుతుంది. "గడిబిడి మాడబేడి" అంటే గొడవ చేయవద్దని కాదు, హడావిడి పడవద్దని. అంటే తొందర, గడబిడ అనే రెండు మాటలు సరిహద్దు దగ్గర అర్థాలు మార్చుకున్నట్టున్నాయి. త్వరకు కన్నడంలో మరో మాట 'అవసర'. అది మనకు అవసరం, అంటే కావలసి ఉండడం. ఈ మూడు మాటలూ తెలిసినవాడు సింధనూరు సంతలో సగం గట్టెక్కినట్టే.

ఇది పొరుగు భాషల చిలిపితనం మాత్రమే కాదు. ఇంగ్లీషులో త్వరను చెప్పే 'హర్రీ'కి 1600 ప్రాంతంలో అలజడి, కలకలం అనే అర్థం కూడా ఉండేది. తర్వాత ఆ అర్థం వాడుకలోంచి తొలగి త్వర ఒక్కటే మిగిలింది. మన 'హడావిడి'లో ఈనాటికీ రెండూ ఉన్నాయి: పెళ్ళి ఇంటి సందడీ హడావిడే, రైలు అందుకోవడానికి పరుగెత్తడమూ హడావిడే. నలుగురు ఒక్కసారిగా త్వరపడితే కలకలం తప్పదు కాబట్టి ఈ రెండర్థాల మధ్య రాకపోకలు సహజమే. ఏ భాష ఏ వైపు నిలిచిందన్నదే తేడా.

నష్టం ఎక్కడంటే బడిలో. తెలుగు ఇంట్లో పెరిగి కన్నడ మాధ్యమంలో చదివే పిల్లవాడు 'ట్రబుల్' అనే మాటకు 'తొందరె' అని అర్థం రాసుకుంటాడు. ఆ మాట అతనికి ఇంట్లో రోజూ వినిపించేదే. అందువల్ల అర్థం తెలిసిందనే అనుకుంటాడు, ఎవరినీ అడగడు. తెలియని మాట కంటె తెలిసిందనుకున్న మాట ఎక్కువ చెరుపు చేస్తుంది.

ఇలాంటి తేడా ఊరి పేరు మీద కూడా ఉంది. ఇంగ్లీషులో గందరగోళాన్ని 'బెడ్‌లం' అంటారు. 1247లో లండనులో స్థాపితమై, తర్వాత పిచ్చివారి ఆసుపత్రిగా పేరుపడిన బెత్లెహేం పేరే జనం నోట అలా మారింది. 'పాండెమోనియం' 1667లో వెలువడిన తన కావ్యంలో మిల్టన్ దయ్యాల రాజధానికి పెట్టిన పేరు. మనం పిల్లలు ఇల్లు పీకి పందిరి వేస్తే "ఇల్లు కిష్కింధ చేశారు" అంటాం. ఆ కిష్కింధ ఇదేనని చెప్పుకునే ఆనెగొంది జవళగేరకు ఎగువన తుంగభద్ర ఒడ్డునే ఉంది. కానీ కన్నడంలో 'కిష్కింధెయంథ మనె' అంటే కోతులు దూకిన ఇల్లు కాదు, ఊపిరాడని ఇరుకు ఇల్లు!

వంటింటి నుంచి వచ్చిన మాటలు కూడా ఉన్నాయి. కన్‌ఫ్యూజ్‌కు మూలమైన లాటిన్ ధాతువుకు అర్థం కలిపి పోయడం. 'మెస్' మొదట వడ్డించిన ఆహారం. తర్వాత కలిపిన కూడు, చివరకు చిందరవందర. తెలుగు పట్టణాలలో మెస్సు అంటే ఇప్పటికీ భోజనశాలే, పాత అర్థం మన దగ్గర భద్రంగా ఉంది. మన కలగాపులగంలో పులగమూ వంటకమే. ఉడుపి, మంగళూరు వైపు రకరకాల ఐస్‌క్రీములు, పండ్లు కలిపి పొడుగు గ్లాసులో ఇచ్చే దానిని 'గడ్‌బడ్' అంటారు. ఈ గడబిడను మాత్రం ఏ భాషవారూ కాదనరు.

ఇక క్రియల సంగతి. కాలువ నీళ్ళ మీద బతికేవారికి ఇది వెంటనే బోధపడుతుంది. డిస్టర్బ్, ట్రబుల్ అనే మాటలు రెండూ లాటిన్ 'టుర్బా' నుంచి వచ్చినవే. దానికి అర్థం గుంపు, అలజడి. బురద నీటిని చెప్పే 'టర్బిడ్' కూడా ఆ కుటుంబానిదే. 'మడిల్' అనే మాటలో మడ్, అంటే బురద, ఎదురుగానే కనబడుతుంది. తెలుగులోనూ అంతే. నీరు కలగితే కలక, మనసు కలగితే కలత. కన్నడంలో 'కలకు', తమిళంలో 'కలంగు' వీటికి జ్ఞాతులు. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఇవన్నీ ఒకే చోట చూపింది.

అయితే తెలుగులో ఇక్కడ ఒక జంట ఉంది: కలగు, కలచు. నీరు తనంతట తాను కలగుతుంది. దిగినవాడు దానిని కలచుతాడు. చెడు–చెరచు, కదులు–కదుపు ఇలాంటివే. 'మడిల్', 'అప్‌సెట్' వంటి ఇంగ్లీషు మాటలకు రూపం ఒకటే. అవి తెలుగులోకి వచ్చేసరికి 'అవు', 'చేయు' అనే తోకలలో ఒకటి తగిలించక తప్పదు: అప్‌సెట్ అయ్యాడు, అప్‌సెట్ చేశాడు. గందరగోళం, తారుమారు, చెల్లాచెదురు, అస్తవ్యస్తం వంటి మన మాటలు స్వయంగా క్రియలు కావు. అవి స్థితిని చెప్పి ఊరుకుంటాయి. ఆ స్థితికి కర్త ఉన్నాడా లేడా అన్నది తోక చెబుతుంది.

దీని బరువు అర్జీలో తెలుస్తుంది. ఎడమ కాలువ ఆయకట్టులో వరికి కేటాయించినది కొద్ది భాగమే. ఎక్కువ భూమి ఆరుతడి పంటలకు ఉద్దేశించినది. వరి అంతకంటె ఎంతో విస్తరించడంతో చివరి భూములకు నీరు అందకపోవడం పాత సమస్య. నీటి పంపిణీ 'డిస్రప్ట్' చేయబడిందని ఇంగ్లీషులో రాశారనుకుందాం. ఆ వాక్యంలో కర్త పేరు లేకపోయినా, ఆ పని ఎవరో చేశారనే సూచన ఉంది. దానిని "నీటి పంపిణీ అస్తవ్యస్తమైంది" అని తెలుగు చేస్తే ఆ సూచన కూడా పోతుంది. వానలు పడనట్టు, ఎండలు ముదిరినట్టు అదీ దానంతట అదే జరిగిందన్నమాట. "అస్తవ్యస్తం చేశారు" అంటే కర్త పేరు రాకపోయినా బహువచన క్రియ వేలెత్తి చూపుతుంది. అనువాదంగా నాకు ఇదే సరైనదనిపిస్తుంది. ఎగువన వరి వేసే క్యాంపు రైతుకు ఇది రుచించకపోవచ్చు, ఆ 'చేశారు'లో తానూ ఉన్నాడు కనుక.

క్యాంపు పిల్లల కోసం ఎవరైనా చిన్న త్రిభాషా పదపట్టిక తయారుచేస్తే, డిస్టర్బ్ వంటి ప్రతి మాటకూ 'అవు' రూపం, 'చేయు' రూపం విడివిడిగా ఇవ్వాలి. తొందర, గడబిడ, అవసరం అనే మూడింటికి కన్నడ అర్థం పక్కనే రాయాలి. కిష్కింధకు కూడా ఒక వరుస కేటాయించవచ్చు.