కారు సైడు అద్దం చప్పుడు చేస్తోందా?



ఈ వారం కారులో వచ్చే ఒకే ఒక్క చప్పుడు గురించి చెబుతాను. స్విచ్ నొక్కితేనో, కారు లాక్ చేస్తేనో వాటంతట అవే మడుచుకునే సైడు అద్దాలు ఉంటాయి చూడండి, అవి కొన్నేళ్ళు పోయాక కిర్రుమనో టకటకమనో మొదలుపెడతాయి. షాపుకి తీసుకెళితే చాలాచోట్ల "మొత్తం అద్దం మార్చాలి" అంటారు. ఇప్పటి అద్దమంటే ఉత్త గాజు కాదు కదా. మోటార్లు, మంచు కరిగించే హీటరు, టర్న్ సిగ్నల్ లైటు, కొన్నింట్లో కెమెరా, అన్నీ కలిపి ఒకే సామాను. అందుకే బిల్లు వందల డాలర్లలో ఉంటుంది. తీరా చూస్తే చాలాసార్లు కారణం కాస్త మురికో, గాడి తప్పిన కీలో అయి ఉంటుంది. డబ్బు కట్టేముందు ఆ చప్పుడుని ఒకసారి శ్రద్ధగా వినమని నా మనవి.

ఈ మడత అద్దాలు పుట్టింది జపాన్‌లో. 1984లో నిస్సాన్ వాళ్ళు లారెల్ అనే కారుకి పెట్టారు. ఇరుకు సందులు, ఇరుకు పార్కింగులు ఉన్న దేశాలకి తగిన సదుపాయం. ఇండియాలో ఇప్పుడు చిన్న కార్లకి కూడా వస్తోంది. అమెరికాలో రోడ్లు విశాలం కాబట్టి చాలా మోడళ్ళలో ఖరీదైన ట్రిమ్ కొంటేగానీ ఇవ్వరు. అయినా గరాజులో ఒక పక్క మినీవాన్, రెండో పక్క బియ్యం బస్తాలు, పిల్లల సైకిళ్ళు, ఇండియా సూట్‌కేసులు పెట్టుకునే మనబోటివాళ్ళకి దాని విలువ తెలుసు.

లోపలి సంగతి కాస్త చెప్పాలి. తలుపుకి బిగించిన ఒక బోలు కడ్డీ చుట్టూ అద్దం డొప్ప తిరుగుతుంది. వైర్లన్నీ ఆ బోలులోంచే వస్తాయి. ఒక గట్టి స్ప్రింగు డొప్పని కిందికి అదిమి పట్టుకుంటుంది. అడుగున గాడులు, వాటిలో కూర్చునే బొడిపెలు ఉంటాయి. 12 వోల్టుల బుల్లి మోటారు ఒకటి, దాని వేగం తగ్గించి బలం పెంచే పళ్ళచక్రాలు కొన్ని డొప్పని తిప్పుతాయి. ఈ చక్రాలు చాలావరకు ప్లాస్టిక్‌వే. ఎవరైనా గుద్దితే బొడిపె గాడిలోంచి పైకి లేస్తుంది, మోటారుతో నిమిత్తం లేకుండా డొప్ప పక్కకి వాలిపోతుంది. అద్దం విరక్కుండా చేసిన ఏర్పాటు అది.

ఇక మొదటి చప్పుడు, టకటక. అద్దం సగం తిరిగి ఆగుతుంది, లేదా చివరికి వచ్చాక కూడా టకటక కొట్టుకుంటూనే ఉంటుంది. దీనికి ఎక్కువగా కారణం ఎవరో చేత్తో మడవడం. హైదరాబాదులోనో విజయవాడలోనో కారు ఆపగానే దిగి అద్దాలు మడవడం మంచి అలవాటు, లేకపోతే వెళ్ళే ఆటో ఏదో పట్టుకుపోతుంది. ఇక్కడికి వచ్చిన నాన్నగారో మావయ్యగారో గ్రోసరీ స్టోర్ పార్కింగులో అదే శ్రద్ధతో ఆ పని చేసిపెడతారు. కార్‌వాష్ బ్రష్షులు కూడా చేస్తాయి. దాంతో బొడిపె గాడి తప్పుతుంది. అద్దం వదులుగా ఊగుతుంది, ఫ్రీవే మీద వణుకుతుంది, గాలి హోరు కూడా ఎక్కువవుతుంది.

దీనికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. కారు ఆన్ చేసి, మడిచే స్విచ్ నొక్కి, అద్దం పూర్తిగా ఆగేదాకా ఉండండి. మళ్ళీ తెరవండి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే ఎక్కడో ఒకచోట గట్టిగా "ఠక్"మంటుంది. భయపడకండి, అది గాడిలో పడ్డ చప్పుడు. తర్వాత అద్దం పట్టుకుని కదిపి చూస్తే బిగుతుగా ఉంటుంది. కొన్ని కార్లలో పద్ధతి వేరు, మాన్యువల్లో అద్దాల పేజీలో రాసి ఉంటుంది. పెద్దవాళ్ళకి మాత్రం "నాన్నగారూ, దీన్ని చేత్తో తాకకండి, అదే మడుచుకుంటుంది" అని చెప్పి, ఒకసారి చేసి చూపిస్తే చాలు, వాళ్ళకీ సరదాగా ఉంటుంది.

రెండోది కిర్రు. నూనె లేని బావి గిలకలా ఉంటుంది. అద్దం మడుచుకుంటుంది, తెరుచుకుంటుంది, కానీ మూలుగుతూ. ఆరిజోనా, టెక్సస్‌లలో దుమ్ము, ఒహాయో, మిషిగన్‌లలో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు కీలు సందులోకి చేరతాయి. ముందు కడగాలి. అద్దం సగం మడిచి, కీలు సందులో గోరువెచ్చని నీళ్ళు నెమ్మదిగా పోసి, మెత్తటి బ్రష్షుతో మురికి తీసి, ఆరనివ్వండి. ప్రెషర్ వాషర్ వద్దు, నీళ్ళు వైర్లలోకి పోతాయి. ఆరాక ప్లాస్టిక్‌కి పనికొచ్చే సిలికాన్ స్ప్రే సన్నటి గొట్టంతో సందులోకి కొద్దిగా కొట్టి, పదిసార్లు మడిచి తెరవండి. గాజు మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టుకోండి. కడక్కుండా నూనె వేస్తే ఆ మురికే ఆకురాయిలా మారి ప్లాస్టిక్‌ని అరగదీస్తుంది.

మనందరి గరాజుల్లోనూ ఉండే డబ్ల్యూడీ-40 సంగతి అడుగుతారు. 1953లో శాండియేగోలో తయారైన సరుకు, పేరులోనే ఉంది నీటిని తరిమేదని. బిగుసుకున్నదాన్ని వదిలించడానికి మంచిదే. కానీ ఉన్న గ్రీజుని కడిగేస్తుంది, తను ఎక్కువకాలం నిలవదు. వారం రోజులు నిశ్శబ్దం, తర్వాత మళ్ళీ కిర్రు.

మూడోది గిర్రు. మోటారు తిరుగుతున్నట్టు వినిపిస్తుంది, అద్దం కదలదు. ఇది పళ్ళచక్రం విరిగిన గుర్తు. మంచు గడ్డకట్టినప్పుడు స్విచ్ నొక్కితే ఎక్కువగా ఇలా అవుతుంది. హీటరు వేశాం కదా అనుకుంటారు, అది గాజుని వేడి చేస్తుంది, కీలుని కాదు. చలికాలంలో లాక్ చేయగానే మడుచుకునే సదుపాయాన్ని సెట్టింగుల్లో ఆపేసుకోవడం మేలు.

చక్రాలు విడిగా కొన్ని మోడళ్ళకి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఓపికున్నవాళ్ళు మార్చుకోవచ్చు, కానీ ఒక్క హెచ్చరిక. లోపలి స్ప్రింగు చాలా బలంగా నొక్కి పెట్టి ఉంటుంది, దాని బిళ్ళ తీయగానే ఎగిరి ముఖం మీదికి వస్తుంది. కళ్ళద్దాలు పెట్టుకోకుండా ముట్టుకోవద్దు. బోలు కడ్డీలోంచి వైర్లు తీసేముందు ఏ రంగు ఎక్కడుందో ఫోటో తీసుకోండి. అద్దంలో కెమెరా ఉంటే ఈ పని ఇంట్లో చేయకపోవడమే నయం, తిరిగి బిగించాక దాన్ని సరిచూడాల్సి రావచ్చు. అలాంటివాళ్ళకి సాల్వేజ్ యార్డులో అదే మోడల్, అదే ఏడాది అద్దం వెతకడం మధ్యే మార్గం. కనెక్టర్‌లో పిన్నులు లెక్కపెట్టి మరీ కొనండి.

కారు కొని మూడేళ్ళు దాటలేదా, 36,000 మైళ్ళు తిరగలేదా? అయితే ఏదీ విప్పకండి, చాలా కంపెనీల మామూలు వారంటీలో ఉచితంగా చేస్తారు. చప్పుడుని ఫోన్‌లో రికార్డు చేసి తీసుకెళ్ళండి, అక్కడికి వెళ్ళాక అది తప్పకుండా నోరు మూసుకుంటుంది.

ఇండియా నుంచి వచ్చేవాళ్ళ చేత చవగ్గా అద్దం తెప్పించుకుందామని కొందరు అనుకుంటారు. కుదరదండీ. అక్కడ డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు, అద్దాల కోణాలే వేరు. పైగా అమెరికా 111వ నంబరు సేఫ్టీ ప్రమాణం ప్రకారం డ్రైవరు వైపు గాజు సమతలంగా ఉండాలి, ఉబ్బెత్తు గాజు ప్యాసింజరు వైపుకే. అందుకే "వస్తువులు కనిపించేదానికన్నా దగ్గరగా ఉన్నాయి" అన్న హెచ్చరిక ఇక్కడి కార్లలో ఆ ఒక్క వైపే చెక్కి ఉంటుంది.