సీసాకెక్కిన పసుపు: కొన్ని వింతలు, విశేషాలు

పసుపు పంటలో మన దేశానికి సాటి లేదు. 2022-23లో 3.24 లక్షల హెక్టార్లలో 11.61 లక్షల టన్నులు పండింది. ప్రపంచం మొత్తం పండించిన దాంట్లో అది 75 శాతానికి పైమాటే. అయినా అమెరికా నుంచి సెలవులకొచ్చే పిల్లలు అమ్మానాన్నల మోకాళ్ల నొప్పులకని పసుపు మాత్రల సీసాలు మోసుకొస్తున్నారు, అదీ పసుపు పండే ఊళ్లకే!

అన్నిటికన్నా పాత పసుపు

హరియాణాలోని ఫర్మానాలో హరప్పా కాలపు వంటకుండల అడుగున, మనుషుల పళ్ల మీద పసుపు, అల్లం తాలూకు పిండిరేణువులు దొరికాయి. వాటి వయసు నాలుగు వేల ఏళ్ల పైనే. పసుపు వాళ్లు పూజకే వాడారా, కూరలో వేశారా అన్న సందేహానికి ఆ పళ్లే జవాబు.

పసుపు కోసం పెద్ద పోటీ

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు. వాళ్లలో 178 మంది రైతులు. గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కావాలని నామినేషన్లు వేసినవాళ్లు. పేర్లన్నీ పట్టాలంటే ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పక్కపక్కన పెట్టాల్సి వచ్చింది. బోర్డు చివరికి 2025 జనవరిలో, సంక్రాంతి నాడు, ఆ ఊళ్లోనే మొదలైంది.

అమెరికాలో ఓడిన పేటెంట్

పసుపు గాయాలు మాన్పుతుందన్న సంగతికి 1995లో అమెరికా పేటెంట్ ఇచ్చింది. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, పత్రికలు ముందుపెట్టి వాదించి 1997లో దాన్ని కొట్టేయించింది. అమ్మమ్మల వైద్యం అక్కడి పేటెంట్ ఆఫీసులో గెలిచిన తొలి కేసుల్లో ఇదొకటి.

అంత తేలిగ్గా ఒంటబట్టని మందు

అసలు వింత ఇక్కడుంది. పసుపుకు ఆ రంగునిచ్చే కర్క్యుమిన్‌ను 1815లోనే ఐరోపా రసాయన శాస్త్రజ్ఞులు వేరుచేశారు. మామూలు పసుపులో అది 3 శాతం అటూ ఇటూ ఉంటుంది. మేఘాలయ జయంతియా కొండల లకడాంగ్ పసుపులో 7 శాతం దాకా పోతుంది. ఇంత పేరున్న ఈ పదార్థం నీళ్లలో కరగదు, పేగుల్లోంచి రక్తంలోకి అంతంతమాత్రంగానే చేరుతుంది, చేరిన కాస్తనూ కాలేయం చకచకా మార్చి బయటికి పంపేస్తుంది.

1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలవాళ్లు రెండు గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. రక్తంలోకి చేరేది ఇరవై రెట్లు పెరిగింది. సీసాల మీద కనబడే '2000 శాతం' అంకెకు మూలం ఇదే. దాదాపు సున్నాకు ఇరవై రెట్లంటే ఎంతో అమ్మేవాళ్లు చెప్పరు. పైగా పైపరిన్ చేసే పని కాలేయం విరుగుడు పనిని నెమ్మదింపజేయడం. అంటే మీరు వేసుకునే మిగతా మాత్రలు కూడా రక్తంలో ఎక్కువసేపు నిలిచే వీలుంది.

పేరు కొండంత, రుజువు కొంచెం

కర్క్యుమిన్ మీద రోగులతో చేసిన వందకు పైగా ప్రయోగాలను 2017లో కొందరు రసాయన శాస్త్రజ్ఞులు తిరగేసి, గట్టి పద్ధతిలో చేసినవాటిలో నెగ్గినది ఒక్కటీ లేదన్నారు. ఈ రంగంలో ప్రచురించిన పత్రాలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చిన ఉదంతాలూ ఉన్నాయి. కాబట్టి క్యాన్సర్, మతిమరుపు లాంటి మాటలు సీసా మీద కనబడితే నేనైతే అక్కడే పెట్టేస్తాను.

నాకు కాస్త నమ్మకం కలిగించినవి థాయిలాండ్ ప్రయోగాలు. మోకాలి అరుగుదల ఉన్న 367 మందిలో కొందరికి రోజుకు 1,500 మిల్లీగ్రాముల పసుపు సారం, మిగతావాళ్లకు నొప్పి మాత్ర ఐబుప్రొఫెన్ నాలుగు వారాలిచ్చారు. నొప్పి తగ్గడంలో రెండూ దాదాపు సమానంగా నిలిచాయి. 2023లో అజీర్తి ఉన్న 206 మందితో చేసిన ప్రయోగంలో పసుపు మాత్ర ఎసిడిటీ మందు ఒమెప్రజోల్‌కు దీటుగా నిలిచింది. మోకాళ్లు, పొట్ట... ప్రస్తుతానికి లాభం అక్కడిదాకానే.

త్వరగా వదిలిన కల్తీ

పచ్చగా మెరవాలని పసుపులో సీసం కలిసిన లెడ్ క్రోమేట్ కలిపే జాడ్యం బంగ్లాదేశ్‌లో ఏళ్ల తరబడి ఉండేది. 2019లో అక్కడి మార్కెట్ నమూనాల్లో 47 శాతంలో సీసం దొరికింది. హెచ్చరికలు, దాడులు, జరిమానాలు ఒక్కసారిగా మొదలయ్యాక 2021 నాటికి సున్నా అయింది. 2024లో వచ్చిన అధ్యయనం మాత్రం పట్నా, గువాహటి పసుపుల్లోనూ సీసం చూపించింది.

సీసా మీద చూడాల్సినవి

'పసుపు పొడి 500 మిల్లీగ్రాములు' అని ఉంటే అందులో కర్క్యుమిన్ 15 మిల్లీగ్రాములే. కూరలో వేసుకునే పసుపే మేలు, చవక కూడా. '95 శాతం కర్క్యుమినాయిడ్ల సారం 500' అని ఉంటే 475 (కర్క్యుమినాయిడ్లంటే కర్క్యుమిన్, దానికి దగ్గరి పదార్థాలు). ఒకే సైజు మాత్రలో ముప్ఫై రెట్లకు పైగా తేడా! ఆహార రంగుగా కర్క్యుమిన్‌కు అంతర్జాతీయ నిపుణులు పెట్టిన రోజువారీ హద్దు కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 180. ఆ సారం మాత్ర ఒక్కటే దాన్ని రెండున్నర రెట్లు దాటేస్తుంది.

ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు చూడండి. సీసం పరీక్ష రిపోర్టు అడిగితే చూపించే కంపెనీ అయితే మరీ మంచిది. పైపరిన్ ఉందో లేదో చదవండి. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, ఆపరేషన్ తేదీ పెట్టుకున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు.

ఇటలీలో 2019లో పసుపు మాత్రలు వాడినవాళ్లకు కాలేయం వాచిన కేసులు వరసగా బయటపడ్డాయి. అమెరికా వైద్యులు అలాంటి పది కేసులు పరిశీలిస్తే ఏడుగురిలో ఒకే రకం జన్యువు కనిపించింది, ఒకరు చనిపోయారు. కూరలో పసుపు తినే కోట్లమందిలో పెద్దగా కనబడని జబ్బు ఇది. మాత్రలు వేసుకుంటూ ఉండగా ఆకలి చచ్చిపోయినా, మూత్రం ముదురు రంగుకు తిరిగినా, కళ్లు పచ్చబడినా సీసా పక్కన పెట్టి ఆ రోజే లివర్ పరీక్ష చేయించుకోవాలి. డాక్టర్ మందుల చీటీలన్నీ అడిగినప్పుడు ఈ సీసా కూడా తీసుకెళ్లాలి.