గోల చేసే పాపప్, గుట్టుగా ఉండే దొంగ

ఖానాపూర్ లాంటి మండల కేంద్రంలో నెట్ సెంటర్ కంప్యూటర్ ఊరందరిదీ. ఆదాయ ధ్రువపత్రం దరఖాస్తు, గల్ఫ్ వీసా ప్రింటు, పిల్లల హాల్‌టికెట్ అన్నీ దాంట్లోంచే రావాలి. తెర కుడి మూలన ‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, వెంటనే స్కాన్ చేయండి’ అంటూ డబ్బా లేస్తే ఇంటూ నొక్కి పని కానిస్తారు. మరీ విసుగొస్తే నిర్మల్ తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టిస్తారు. రోగమేదో చూడకుండా మందు వేయడమే ఇది. ఆ మూలన లేచేది చాలాసార్లు వైరస్ కానే కాదు, మనమిచ్చిన అనుమతి. సినిమా డౌన్‌లోడ్ చేసుకునే సైటేదో ‘మీరు రోబో కాదని తేలాలంటే అలో నొక్కండి’ అంటుంది, నొక్కుతాం. ఆ తర్వాత మళ్లీ ఆ సైటు మొహం చూడకపోయినా ప్రకటనలు వస్తూనే ఉంటాయి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ తెరిచి ఆ సైటు పేరు తీసేస్తే గోల ఆగుతుంది. పైసా ఖర్చు లేదు. తెర నిండా హెచ్చరిక వేసి, కింద ఫోన్ నంబరు ఇస్తే మాత్రం అది మోసమే. తమ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెబుతోంది. ఆ సంస్థ పేరు చెప్పి ఇలా దోచుకునే కాల్ సెంటర్లపై కూడా 2023 అక్టోబరులో సీబీఐ ‘ఆపరేషన్ చక్ర-2’ పేరిట దాడులు చేసింది.

పాపప్ పోయింది కదా, ఇక భయం లేదనుకోవడం ఇంకో పొరపాటు. 2017 జూన్‌లో చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ ‘ఫైర్‌బాల్’ అనే ప్రోగ్రాం గుట్టు బయటపెట్టింది. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాటు చడీచప్పుడు లేకుండా దిగి, బ్రౌజర్ హోమ్‌పేజీనీ సెర్చ్ ఇంజిన్‌నూ మార్చేసేది. ప్రపంచమంతటా 25 కోట్ల కంప్యూటర్లలో చేరిందని, అందులో రెండున్నర కోట్లు భారత్‌లోనివేనని ఆ సంస్థ లెక్క. ఆ లెక్క మరీ ఎక్కువని మైక్రోసాఫ్ట్ అభ్యంతరం చెప్పింది, నిజమే కావచ్చు. అయితే భయపెట్టేది ఆ అంకె కాదు. పైకి ప్రకటనల బేరంలా కనిపించిన ఆ ప్రోగ్రాం, తల్చుకుంటే ఆ కంప్యూటర్‌లో ఏ మాల్‌వేర్‌నైనా దించగలిగేది.

‘మా కంప్యూటర్‌లో దోచుకోవడానికేముంది?’ అని అడుగుతారు. నెట్ సెంటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒకసారి తెరిచి చూడండి: ఎవరెవరివో ఆధార్‌లు, పాన్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు సరేసరి. లాగిన్ అయి ఉన్న ఖాతా కుకీలు దొంగ చేతికి చిక్కితే, చాలాచోట్ల ఓటీపీ అవసరం కూడా లేకుండా లోపలికి వెళ్లిపోతాడు. మరి ఫార్మాట్ కొడితే చాలదా? చాలావరకు చాలు, కాదనలేం. కానీ మళ్లీ వేసేది అదే క్రాక్ విండోస్ అయితే, ‘ముందు యాంటీవైరస్ ఆపండి’ అని అడిగే ఆ క్రాకే దొంగకు తలుపు తీస్తుంది. అదే గూగుల్ ఖాతాతో క్రోమ్‌లోకి వెళ్తే, సింక్ పుణ్యమా అని పాత ఎక్స్‌టెన్షన్ కూడా వెనకే వస్తుంది.

అందుకే నోటిఫికేషన్ల తర్వాత ఎక్స్‌టెన్షన్లు చూసి, పేరు పోల్చుకోలేనివి తీసేయాలి. ఆపైన విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపాలి. విండోస్ లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి తప్పించుకోవడం కష్టం, పావుగంట పని. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైటులోనూ ఉచిత సాధనాలున్నాయి. ఏదైనా దొరికితే పాస్‌వర్డ్‌లు మార్చాల్సింది అదే కంప్యూటర్‌లో కాదు, వేరే దాంట్లో. డబ్బు పోతే మాత్రం స్కాన్ల కోసం ఆగకండి, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.