శ్వాసయంత్రమునకు ఐదేండ్ల గడువు

నిద్రించువాని గొంతులోని కండరములు సడలి, శ్వాసమార్గము మూసికొనిపోయి, కొన్ని సెకండ్లపాటు ఊపిరి నిలిచిపోవు వ్యాధి యొకటి కలదు. పెద్దగా గురకపెట్టుచున్నవాడు ఉన్నట్లుండి నిశ్శబ్దుడగును. మరల ఉలికిపడి గాలి పీల్చుకొనును. తీవ్రమైనచో ఒక్క రాత్రిలోనే ఇది వందలసార్లు జరుగవచ్చును. రోగికి ఇదేమియు తెలియదు. ప్రక్కన పరుండిన భార్యకే తెలియును.

1980లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున కాలిన్ సల్లివన్ అను వైద్యుడు దీనికొక ఉపాయము కనుగొనెను. దుమ్ము పీల్చు యంత్రపు మోటారు సాయమున రోగి ముక్కులోనికి కొద్దిపాటి ఒత్తిడితో గాలిని ఎడతెగక పంపగా, మూతపడు మార్గము తెరచుకొనియే యుండెను. నేడు లక్షలాది పడకల ప్రక్కన కనిపించు సీప్యాప్ యంత్రములకు మూలమిదియే.

మోటారు ఉన్నచోట చప్పుడుండును. ఆ చప్పుడు నణచుటకై ఫిలిప్స్ రెస్పిరానిక్స్ సంస్థ తన యంత్రములలో పాలియురిథేన్ నురుగుదిండును అమర్చెను. దంపతుల నిద్ర చెడకుండుటకు పెట్టిన ఆ మెత్తని దిండే చిక్కు తెచ్చినది. కాలక్రమమున అది పొడియై రాలి, గాలిగొట్టము గుండ రోగి ఊపిరితిత్తులకు చేరవచ్చుననియు, హానికర వాయువులను వెలువరింపవచ్చుననియు తేలెను. 2021 జూన్ 14వ తేదీన ఆ సంస్థ లక్షలాది యంత్రముల ఉపసంహరణమును ప్రకటించెను. అమెరికా ఆహార ఔషధ పరిపాలన సంస్థ దీనిని అత్యంత తీవ్రమైన మొదటి తరగతిలో చేర్చెను. రోగి సంకటమును ఊహింపుడు: యంత్రము పెట్టుకొన్నచో ఏమి పీల్చుచున్నాడో తెలియదు, తీసివేసినచో ఊపిరి నిలుచును.

క్రొత్త యంత్రము కొనవలెనన్న అది చవుక వస్తువు కాదు. బీమా ఉన్నది గదా యని అడుగవచ్చును. ఇచ్చటనే అసలు కథ ప్రారంభమగుచున్నది.

అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వము నడుపు బీమా మెడికేర్. అది సీప్యాప్ యంత్రమునకు పదమూడు నెలలు అద్దె చెల్లించును. పిమ్మట యంత్రము రోగి సొత్తగును. దాని ఆయుర్దాయము ఐదేండ్లని నిబంధన. ఆలోగా యంత్రము పోయినను, దొంగిలింపబడినను, మరమ్మతుకు లొంగని రీతిని పాడైనను తప్ప వేరొకటి ఇయ్యదు. అనేక ప్రైవేటు బీమా సంస్థలును ఇంచుమించు ఈ దారినే నడచుచున్నవి.

ఒకే వీథిలో ఇద్దరున్నారనుకొందము. ఒకడు 2016 మే నెలలోను, రెండవవాడు 2018 మే నెలలోను ఒకే రకపు యంత్రమును పొందిరి. ఉపసంహరణ ప్రకటన వెలువడునప్పటికి మొదటివానికి ఐదేండ్లు నిండినవి. వైద్యుడు అతనిని ప్రత్యక్షముగా చూచి, యంత్రము వాడుచున్నాడనియు మేలు కలుగుచున్నదనియు వ్రాసియిచ్చినచో చాలును. మరల నిద్రపరీక్ష అక్కరలేదు. బీమా తన వంతు ఇచ్చును, మినహాయింపు తీరినపిదప మిగిలిన నూటికి ఇరువది అతడు పెట్టుకొనవలెను. రెండవవాని యంత్రము వయస్సు మూడేండ్లు. అది పోలేదు, దొంగలెత్తుకొనిపోలేదు, మీట నొక్కినచో తిరుగుచునే యున్నది. ఇక అతడు వరుససంఖ్య నమోదు చేసికొని, తయారీదారు పంపు మారుయంత్రమునకై ఎదురుచూడవలసినదే. అట్లు ఏడాదికి పైగా వేచినవారు పెక్కుమంది.

తప్పు తయారీదారునిదైనప్పుడు బీమాధనము వెచ్చింపనేల యను వాదమున న్యాయము లేకపోలేదు. కాని బీమా ముందుగా యంత్రమిచ్చి, ఆ సొమ్మును తయారీదారునినుండి రాబట్టుకొనినచో ఏమి లోపము? వ్యాజ్యమాడుటకు బీమాసంస్థకు బలము, కాలము కలవు. రాత్రి ఊపిరాడని వృద్ధునకు రెండును లేవు.

వేచియుండలేక చేతిసొమ్ముతో కొనినవారికి ఊరట ఆలస్యముగా వచ్చినది. 2023 సెప్టెంబరులో కుదిరిన ఒడంబడిక ప్రకారము ఫిలిప్స్ కనీసము 47 కోట్ల 90 లక్షల డాలర్లు చెల్లించుటకు అంగీకరించెను. పాత యంత్రమును తిరిగి ఇచ్చినవారికి నూరు డాలర్లు. వేరుయంత్రము కొనినవారు ఆ ఖర్చును కోరవచ్చును. శరీరహాని దావాల పరిష్కారము 2024 ఏప్రిల్‌లో వేరుగా జరిగెను. కొనుగోలు ఖర్చు కోరుటకు గడువు 2024 ఆగస్టుతో ముగిసినది. రశీదులు దాచుకొనినవారు అర్జీ పెట్టుకొనిరి.